నిద్రలో గీసిన పాదం

ఆగస్టు పదిహేడు. ఆ ఉదయం మేమిద్దరం తిన్నది కాల్చిన రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, చెరి సగం నారింజపండు. గుడ్లు పొయ్యి మీద మరీ ఎక్కువసేపు ఉండిపోయాయి, సొన చుట్టూ పాచిరంగు వలయం కట్టింది. మా అమ్మాయికి ఆ రోజుతో పదిహేనేళ్ళు నిండాయి. గుడ్ల పళ్ళెం పక్కన ఫుట్‌బాల్ బూట్ల పెట్టె పెట్టాను, రంగుకాగితం చుట్టి, మూలలు స్కేలుతో మడిచి. తను గుడ్డు కొరికి, "బాగుంది నాన్నా" అంది. పెట్టె విప్పి బూట్లు తొడుక్కుని, లేచి నాలుగడుగులు వేసి, "బాగున్నాయి నాన్నా" అంది. రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. అప్పుడు నాకు వినపడలేదు. ఎనిమిది నెలల తర్వాత ఈ సాయంత్రం, ఈ బూట్ల దుకాణంలో ఈ పొడవాటి బెంచీ మీద కూర్చున్నాక వినపడుతోంది.

ఆరున్నర అయింది. దుకాణం ఏడున్నరకి మూసేస్తారు. ఒక గంట ఉంది, గంటలో ఒక జత బూట్లు ఎంచుకోవడం పెద్ద పనేమీ కాదు, ఎవరైనా అనేది అదే, నేనూ అనుకున్నాను. గోడంతా బూట్లే, మడమలు లోపలికీ ముక్కులు బయటికీ పెట్టి, అన్నీ మావైపే చూస్తున్నట్టు. రబ్బరు వాసన, జిగురు వాసన, కొత్త అట్టపెట్టెల పొడి వాసన. బెంచీ మధ్యలో తోలు కాస్త కుంగింది, ఎన్ని వందలమంది తల్లులు ఇక్కడ కూర్చుని పిల్లల కాళ్ళ వైపు వంగారో, అందులో ఒకావిడ మా ఆవిడ. ఈ గుంటలో ఆవిడ వాటా కూడా కొంత ఉండే ఉంటుంది. నేను మాత్రం ఈ దుకాణం లోపలికి రావడం ఇదే మొదటిసారి. బూట్లు వాళ్ళిద్దరి శాఖ. ఏటా సెప్టెంబరులో ఒక సాయంత్రం పోట్లాడుకుంటూ వెళ్ళేవాళ్ళు, పోట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు, నేను ఇంట్లో పేపరు వెనక కూర్చుని మెట్ల మీద వాళ్ళ గొంతులు పైకి రావడం వినేవాణ్ణి. "నొక్కుతోందంటే వినవేంటమ్మా!" "ఎక్కడ నొక్కుతోందే అంటే మొహం చూపిస్తావ్, కాలు చూపించవు!" ఆ గొంతులు వింటూ ఎంత నిశ్చింతగా పేజీ తిప్పేవాణ్ణో.

సాయంత్రమే కొనాలి, అది ఆవిడ చట్టం. పొద్దున్న పాదం వేరు, సాయంత్రం పాదం వేరు, రోజంతా నిలబడితే ఒంట్లో నీరంతా కాళ్ళలోకి దిగి పాదం సాగుతుంది, ఆ సాగిన పాదానికే బూటు కొనాలి అనేది. ఆవిడ నర్సు. వార్డులో పన్నెండు గంటలు నిలబడి ఇంటికొచ్చి, తెల్లబూట్లు విప్పి, పాదాలు బకెట్లో పెట్టుకుని, "ఇవిగో, పొద్దున్న తీసుకెళ్ళినవి ఇవి కావు, ఎవరివో తెచ్చేశాను" అనేది. ఆవిడ జోకులన్నీ తన ఒంటి మీదే ఉండేవి.

మేం లోపలికి అడుగుపెట్టినప్పుడు తలుపు పైన కట్టిన ఇత్తడి గంట మోగింది. బూట్లు తొడిగే ఆవిడ తలెత్తింది. యాభై దాటి ఉంటుంది, మెడలో టేపు, మోకాళ్ళ మీద దళసరి గుడ్డ కుట్టుకున్న ప్యాంటు. మమ్మల్ని చూసి నవ్వి, మా వెనక తలుపు వైపు చూసింది, మూడో మనిషి కోసం. తలుపు దానంతట అది నెమ్మదిగా వచ్చి మూసుకుంది. ఆవిడ చూపు ఒక్క క్షణం అక్కడే ఆగి మళ్ళీ నా మీదికొచ్చింది, నా మొహంలో ఏం కనపడిందో, "రండి సార్, కూర్చోండి" అంది, అంతే. సొరుగు లాగి ఒక అట్టముక్క తీసింది. మా అమ్మాయి ఆరేళ్ళప్పట్నుంచి ఏటేటా పాదం కొలతలు అందులో ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, చివరిది ఏడాదిన్నర కిందటిది, దాని కింద ఖాళీ. ఆవిడ ఆ ఖాళీని చూసింది, పెన్ను చెవి వెనక పెట్టుకుంది, ఏమీ అడగలేదు. అడగకుండా ఉండడం కూడా ఒక పనే, ఈ పదిహేను నెలల్లో అది చేతనైనవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందినే చూశాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకి భయపడే కిందటి ఆగస్టులో ఇక్కడికి రాలేదు. మా ఆఫీసు పక్కన, మమ్మల్ని ఎరగని దుకాణంలో కొన్నాను.

"మ్యాచ్ సాక్సు తెచ్చుకున్నావా తల్లీ? మంచిది. వేసుకో. నిలబడు. రెండు కాళ్ళ మీదా సమానంగా, కొంగలా కాదు."

మా అమ్మాయి నిలబడింది. ఆవిడ చిన్న పీట మీద మోకరిల్లి, పాదం కొలిచే పలక తోసి, మడమ వెనక్కి నెట్టి, అడ్డపట్టీ జరిపింది. మా అమ్మాయి నా వైపు చూడటం లేదు. బొటనవేళ్ళ మీద సాక్సు కాస్త ఎత్తుగా ఉంది, లోపల కట్టు ఉంది కాబట్టి.

మూడు రోజుల కిందట కోచ్ గారు ఫోన్ చేశారు, నేను ఆఫీసులో పటం మీద ఒక వాగు వంపు గీస్తున్నాను. "సార్, మీ అమ్మాయి మడమల మీద పరిగెడుతోంది. తూనీగలాంటి పిల్ల, నెల రోజుల నుంచి బాతు నడక నడుస్తోంది. అడిగితే ఏం లేదంటుంది. ఒకసారి పాదాలు చూడండి సార్." తూనీగ అన్నది ఆయన పెట్టిన పేరే, మైదానంలో అందరూ అలాగే పిలుస్తారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, "సాక్సు తియ్యమ్మా" అన్నాను. "వద్దు నాన్నా, వాసన." "పర్లేదు, తియ్యి." తీసింది. ఎడమ బొటనవేలికి గోరు లేదు. కుడి గోరు నల్లగా, అంచున లేచి ఉంది. పక్కవేలు వంగి, కీలు మీద ఎర్రగా కాయ కాసింది. పాదం తెల్లగా శుభ్రంగా ఉంది, ఆ శుభ్రమే నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎవరూ చూడకుండా తనే కడుక్కుని, తనే కట్టు కట్టుకుని, కట్టిన గుడ్డలు తనే ఉతుక్కుని ఎన్నాళ్ళు తిరిగిందో. నేను రోజూ ఆ బాత్రూములోకే వెళ్ళాను. డాక్టరు గోళ్ళు మళ్ళీ వస్తాయన్నాడు, ఆ బూట్లతో ఇంకో నెల ఆడి ఉంటే వేలి కీలు శాశ్వతంగా వంగిపోయేదన్నాడు. పన్నెండు రోజుల్లో పెద్ద జట్టుకి ఎంపిక, ఆడొచ్చా అని తను అడిగింది. సరైన బూట్లయితే ఆడొచ్చు, అవి కాలికి అలవాటు పడాలంటే ఇవాళో రేపో కొనాలి అన్నాడు. దారిలో అడిగాను, ఎందుకు చెప్పలేదమ్మా అని. భుజాలెగరేసి, "బాగానే ఉంది నాన్నా" అంది. గోరు లేని కాలితో నా పక్కన నడుస్తూ.

బాగానే ఉంది. ఈ మాట మా ఇంట్లోకి ఎప్పుడు వచ్చిందో నాకు తెలుసు.

"ఇవి వేసి చూద్దాం" అంటూ ఆవిడ మొదటి జత తెచ్చింది, నల్లవి, పక్కన నీలిగీత. లేసులు పైనుంచి గుంజకుండా కింద కన్నం నుంచి ఒక్కో వరసా సర్దుతూ వచ్చింది, బూటు నాలుక మడత పడకుండా వేలితో చదును చేసింది. పక్షికి కట్టు కడుతున్నట్టున్నాయి ఆ చేతులు. మా ఆవిడ ఇంజెక్షన్ ఇచ్చేముందు చర్మాన్ని ఇలాగే చదును చేసేదని ఆవిడతో పనిచేసినవాళ్ళు చెప్పారు, నేను చూడలేదు, నాకెప్పుడూ ఇంజెక్షన్ పడలేదు. "నడువు." దుకాణం పొడవునా గడ్డిలాంటి పచ్చటి పట్టా పరిచి ఉంది. మా అమ్మాయి చివరిదాకా వెళ్ళి వచ్చింది.

"ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి ఆంటీ."

అదే గొంతు. బూట్లావిడ తల ఊపి, నమ్మినట్టూ నమ్మనట్టూ రెండో పెట్టె కోసం నిచ్చెన ఎక్కింది.

నేను కొలతల మనిషిని. ఇరవై ఆరేళ్ళుగా సర్వే ఆఫీసులో పటాలు గీస్తున్నాను. కాగితం మీద ఒక మిల్లీమీటరు జరిగితే నేల మీద ఒకరి పెరడు పక్కవాడి పాలవుతుంది, అందుకని పెన్సిలు మొన రోజుకి నలభైసార్లు చెక్కుతాను. "మీకు ఊళ్ళో ప్రతి గోడ కొలతా తెలుసు, మీ చొక్కా కొలత మాత్రం నన్నడుగుతారు" అనేది మా ఆవిడ. ఆవిడ పోయాక ఇల్లంతా నాకు కొలతలు తెలియని వస్తువులతో నిండిపోయింది. అన్నంలోకి ఎన్ని గ్లాసుల నీళ్ళు, దుప్పటి ఎన్నాళ్ళకోసారి ఉతకాలి, అమ్మాయి సంచిలో ఏమేం పెట్టాలి. అడిగితే అమ్మాయి చెప్పేది, ఓపిగ్గా, చిన్న తరగతి పిల్లలకి చెప్పినట్టు. పుట్టినరోజు వస్తోందని తెలిసినప్పుడు, ఇది ఒక్కటైనా అడగకుండా చెయ్యాలనుకున్నాను. అడిగితే ఆశ్చర్యం ఏముంటుంది.

అందుకని ఆగస్టు మొదటి వారంలో ఒక తెల్లవారుజామున, కిటికీలో బూడిదరంగు వెలుతురు వచ్చే వేళకి, క్లిప్ అట్టకి గీతల్లేని కాగితం పెట్టుకుని తన గదిలోకి వెళ్ళాను. మంచం చివర దుప్పటిలోంచి ఒక పాదం బయటికి వచ్చి ఉంది, కుడిపాదం. మోకాళ్ళ మీద కూర్చుని, కాగితాన్ని అరికాలికి ఆనించి, పెన్సిలు నిటారుగా పట్టుకుని మడమ నుంచి మొదలుపెట్టాను. ఎప్పుడో పుట్టిన మూడో రోజున ఈ పాదం నా అరచేతిలో చిటికెనవేలంత ఉండేది. లోపలి వంపు, బొటనవేలు, ఒక్కో వేలి కొన. ఊపిరి బిగబట్టాను. నేను గీసిన గీతల్లో అంత మంచి గీత ఇంకోటి లేదు, ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వణకలేదు. ఆ కాగితం ఇప్పుడు కూడా నా జేబులోనే ఉంది. ఎందుకు తెచ్చానో తెలియదు. తప్పు చేసిన ఉద్యోగి ఫైలు వెంటబెట్టుకొచ్చినట్టు తెచ్చాను.

రెండో జత ఎర్రవి. వాటితో కూడా నడిచింది, గడ్డిపట్టా చివరిదాకా, వెనక్కి. "బాగున్నాయి." బూట్లావిడ మోకరిల్లి బూటు ముక్కు మీద బొటనవేలు ఆనించి నొక్కింది. "కాలివేలికీ బూటు ముక్కుకీ మధ్య చిటికెనవేలి గోరంత జాగా ఉండాలి సార్. ఎక్కువైతే లోపల కాలు జారుతుంది, తక్కువైతే గోరు పోతుంది. మీరొకసారి నొక్కి చూడండి, ఇంట్లో కూడా మీరే చూసుకోవాలి కదా, నెలకోసారైనా."

 నా బొటనవేలు నా మోకాలి మీదే ఉండిపోయింది.

మా ఆవిడ పాదాలు ఆ చివరి డిసెంబరులో ఉబ్బడం మొదలుపెట్టాయి. తెల్లబూట్లు పట్టలేదు, ఇంటి చెప్పులు పట్టలేదు. ఎలా చూడాలో ఆవిడే నేర్పింది, మంచం మీద కాళ్ళు చాపుకుని, కొత్త నర్సుకి నేర్పినట్టు. "బొటనవేలితో నొక్కి వదలండి. గుంట పడుతుంది చూశారా? అది మళ్ళీ ఎంతసేపట్లో లేస్తుందో లెక్కపెట్టండి, రాసి పెట్టండి, డాక్టరు అడుగుతారు." రోజూ సాయంత్రం నొక్కేవాణ్ణి. మొదట్లో నాలుగు లెక్కపెట్టేసరికి గుంట పూడేది. తర్వాత తొమ్మిది. ఒకరోజు ఇరవై దాటినా నా వేలి ముద్ర ఆవిడ పాదం మీద అలాగే ఉంది, నేను పన్నెండని రాశాను. ఆవిడ ఆ కాగితం చూసి, నన్ను చూసి, మడిచి నా చేతికే ఇచ్చేసింది. మర్నాడు రెండు సైజులు పెద్దవి, మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చి తొడిగాను. పంతొమ్మిదేళ్ళ కాపురంలో నేను కొన్న ఏ వస్తువునీ ఆవిడ ఒక్కసారికి ఒప్పుకోలేదు. గొడుగు కొంటే కడ్డీ వదులంది, కర్టెన్లు కొంటే పొట్టివంది, కుక్కరు రబ్బరు కొంటే "ఇది కుక్కరుకా, లారీకా?" అంది. ఆ చెప్పులు తొడిగి, ఎలా ఉన్నాయి అని అడిగాను. మడమలు బయటికి వచ్చి ఉన్నాయి, పక్కలు కోసుకుంటున్నాయి, నాకే కనపడుతోంది. "బాగానే ఉన్నాయండీ" అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. మార్చి తీసుకురండి అనడానికి ఇంక వ్యవధి లేదని ఆవిడకి తెలుసని, ఆ నీళ్ళ చప్పుడులో నాకు అర్థమైంది.

వంటింటి గుమ్మంలో అప్పుడు మా అమ్మాయి నిలబడి ఉంది. విన్నది. ఆ మాట ఎందుకు అంటారో, ఎవరితో అంటారో, అక్కడే నేర్చుకుంది.

"సార్?" అంది బూట్లావిడ.

వంగాను. ఎర్రబూటు ముక్కు మీద బొటనవేలు పెట్టి నొక్కాను. తోలు కుంగింది, లోపల ఏదో గట్టిగా తగిలింది, బతికున్న వేలు. చెయ్యి తీసేలోపే తోలు లేచింది. లెక్కపెట్టడానికి నోరు తెరిచానేమో, మూసుకున్నాను. అంత చిన్న విషయానికి కళ్ళు తడవడం బాగుండదని బెంచీ కింద ఉన్న మా సంచి అందుకున్నట్టు నటించాను. అందులో పాత బూట్లున్నాయి.

"అవి ఒకసారి ఇవ్వండి" అంది ఆవిడ. చెయ్యి లోపల పెట్టి, ముక్కుదాకా తోసి, లోపలి గుడ్డ తడిమింది. ఎడమదాంట్లో గుడ్డ చిరిగి, చిరుగు చుట్టూ గోధుమరంగు మరక. ఆవిడ మొహం మారింది. "ఇవి ఎవరు కొలిచిచ్చారండీ?"

ఏదో దుకాణంవాడు అనొచ్చు. నిచ్చెన పైన బల్బు సన్నగా గుయ్యిమంటోంది, గడియారం ఏడూ పది చూపిస్తోంది. మా అమ్మాయి చప్పున నా వైపు తిరిగింది, నా బదులు తనే ఏదో అబద్ధం చెప్పబోతున్నట్టు పెదాలు కదిలాయి, పదిహేనేళ్ళ పిల్ల నన్ను కాపాడబోతోంది. అది చూశాక ఇంక ఆగలేకపోయాను.

"నేనే" అన్నాను. జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాను.

ఆవిడ దాన్ని నేల మీద పరిచింది. "కుడిబూటు విప్పి దీని మీద నిలబడు తల్లీ." మా అమ్మాయి నిలబడింది. సాక్సులో వేళ్ళన్నీ గీత దాటి గోరంత మేర బయటికొచ్చాయి, పక్కన పాదం గీతని మింగేసింది. ఎనిమిది నెలల్లో పెరిగింది కొంత ఉంటుంది, అయినా ఆ తేడా పెరుగుదల ఒక్కదానిది కాదని నాకే తెలుస్తోంది.

"ఎప్పుడు గీశారు?"

"తెల్లవారుజామున. తను నిద్రపోతుంటే. పుట్టినరోజుకి, చెప్పకుండా..."  బరువు పడని పాదం, పొద్దుటి పాదం, అందులోనూ కుడిపాదం. ఆ అట్టముక్క మీద, మొదటి కొలత పక్కన, "ఎడమది పెద్దది" అని రాసి ఉంది, నేనిక్కడ కూర్చున్నప్పట్నుంచీ దాన్నే చూస్తున్నాను. ఊరంతా కొలిచినవాణ్ణి నా ఇంట్లో పాదాన్ని మూడు తప్పులతో కొలిచాను.

ఆవిడ నవ్వలేదు. గీత వెంట వేలు పోనిచ్చి, "గీత మాత్రం ఎంత చక్కగా ఉందో" అంది మెల్లగా.

"నేను నిద్రపోలేదు నాన్నా."

ఇద్దరం తలెత్తాం. మా అమ్మాయి ఇంకా ఆ కాగితం మీదే నిలబడి ఉంది, నేల చూస్తూ.

"నువ్వు తలుపు తీసినప్పుడే మెలకువ వచ్చింది. మోకాళ్ళు టకటకమన్నాయి నీకు, కూర్చున్నప్పుడు. కళ్ళు తెరుద్దామనుకున్నా. నువ్వు ఊపిరి బిగబట్టావు. అమ్మ పోయాక నువ్వు అంత... అంత ఇష్టంగా ఏ పనీ చెయ్యడం చూళ్ళేదు. అందుకని కదలకుండా పడుకున్నా. కానీ పెన్సిలు చక్కిలిగింతలు పెట్టింది నాన్నా. నవ్వొస్తుందేమోనని వేళ్ళు ముడుచుకున్నా. ఇదిగో, ఇలా." కాగితం మీద వేళ్ళు లోపలికి ముడిచింది. పాదం గీతలోకి వచ్చేసింది, ఇంచుమించు సరిగ్గా. "బూట్లు వేసుకోగానే తెలిసింది, చిన్నవని. తప్పు నాదే కదా. నేను ముడుచుకోకపోతే సరిపోయేవి. ఇంకెలా చెప్పను నీకు?"

ఎనిమిది నెలలు. రోజూ సాయంత్రం రెండు గంటలు, ఆ ముడుచుకున్న వేళ్ళతో పరిగెత్తింది, నా ఊపిరి చెదరకూడదని.  ఓదార్పు మాటలు నాకు ఎప్పుడూ చేతకావు, ఆసుపత్రిలో కూడా కిటికీ బయట కనపడే వంతెన పొడవు ఎంతో చెప్పానట మా ఆవిడకి. నోట్లోకి వచ్చింది ఒక్కటే.

"ఆ గుడ్లు ఎలా ఉన్నాయే, పుట్టినరోజున?"

తను తెల్లబోయింది. నా మొహంలోకి చూసింది, ఇది పరీక్షా, ఏమిటా అని. నేను చూపు తిప్పుకోలేదు.

"చెప్పు."

"టైర్లలా ఉన్నాయి."

"మరి బాగున్నాయన్నావు?"

"రెండు తిన్నా కదా నాన్నా! రెండోది నీళ్ళతో మింగా. పచ్చగా ఉంది లోపల. నువ్వసలు చూసుకోవా?"

బూట్లావిడ టేపుతో మూతి కప్పుకుంది. మా అమ్మాయి గొంతు లేచింది, ఎన్నాళ్ళకో లేచింది, మెట్ల కింద నుంచి పేపరు వెనక్కి వినపడే గొంతు. "నీళ్ళు మరుగుతుంటే పది నిమిషాలు చాలు, నువ్వు అరగంట పెడతావ్. అన్నం కూడా అంతే. నా మ్యాచ్ చొక్కా తువ్వాళ్ళతో కలిపి ఉతికావు, గులాబీరంగైంది, వాళ్ళంతా నన్ను..." ఆగింది. కళ్ళు నిండాయి. "సారీ నాన్నా."

"ఆపకు" అన్నాను. "ఇంకా ఉంటే చెప్పు. ఈ ఎర్రబూట్లు?"

ఒక్క క్షణం. ఆ క్షణంలో దుకాణం, నిచ్చెన, గోడ మీది ముక్కులన్నీ ఎదురుచూశాయి, లేదా నేను ఒక్కణ్ణే ఎదురుచూశాను. మళ్ళీ బాగున్నాయి అంటే మా ఇంట్లో ఇంక ఎవరూ ఎవరితోనూ ఏదీ మార్చమని అడగరు, ఇద్దరం మర్యాదగా కాళ్ళు ముడుచుకుని బతికేస్తాం.

"ఎడమది నొక్కుతోంది" అంది.

"ఎక్కడ?" వంగి నొక్కాను.

"అక్కడ కాదు. అది కాదు నాన్నా, అబ్బా, ఇక్కడ! చిటికెనవేలి దగ్గర, పక్కన. కుడిది మడమ లేస్తోంది. ఆ నల్లవి కూడా నొక్కాయి."

"అదీ" అంది బూట్లావిడ, పీట వెనక్కి తోసి లేస్తూ. "ఇప్పుడు పని మొదలైంది. ఇందాకట్నుంచి నేనేదో విగ్రహానికి తొడుగుతున్నాననుకున్నా."

తర్వాత ఎన్ని జతలు వచ్చాయో గుర్తులేదు. ఒకటి వెడల్పు చాలదు, ఒకటి మడమ గీరుకుంటుంది, ఒకటి బాగుందిగాని వంచినచోట మడత వేళ్ళ మీద పడుతోంది. ఒక్కొక్కటీ విప్పి పక్కన పడేసి మొహం చిట్లించి చెప్తోంది మా అమ్మాయి, చెప్పినప్పుడల్లా నా భుజాలు కాస్త కిందికి దిగుతున్నాయి. ఫిర్యాదు అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. ఏడున్నర దాటింది. బూట్లావిడ సగం లైట్లు ఆర్పి వచ్చింది, మమ్మల్ని లేవమనలేదు. "మా ఆయన పైన పడుకునుంటాడండీ, బేకరీలో పని, మూడింటికి లేవాలి. కాస్త మెల్లగా పరిగెత్తు తల్లీ" అంది. చివరికి ముదురు ఆకుపచ్చ జత ఒకటి, అర సైజు పెద్దది. ఎడమ సరిపోయింది. కుడిదాంట్లో అడుగున పల్చటి మెత్త వేసి మడమ బిగించింది. "సిస్టర్ గారు ఉంటే ఇది మొట్టమొదటే వేయించేవారు" అంది, కిందికి చూసుకుంటూ లేసు కడుతూ. అడగలేదు, ఉంటే అంది అంతే. మా అమ్మాయే జవాబు చెప్పింది. "అవునాంటీ. కానీ అంతకుముందు పది జతలు తిట్టేది."

మెల్లగా పరిగెత్తింది, మసకవెలుతురులో, గడ్డిపట్టా మీద, వేళ్ళ మీద. మడమల మీద కాదు. చివర చప్పున తిరిగింది, ఆగింది, వెనక్కి వచ్చింది, బూటు కింది స్టడ్స్, ఆ పొట్టి ముళ్ళు, దాదాపు చప్పుడే చెయ్యలేదు. నా ముందు నిలబడి కాలు చాపింది. బొటనవేలు ఆనించాను. చిటికెనవేలి గోరంత జాగా, ఆ తర్వాత వేలు, కట్టు మెత్తదనం కింద.

"ఎలా ఉన్నాయి?"

 లోపల వేళ్ళు చాపుకుంది, తోలు కింద ఆ కదలిక నా వేలికి తెలిసింది.

"ఎడమది ఇంకా కొంచెం బిగుతుగా ఉంది. రెండు రోజులు వేసుకుంటే వదులవుతుంది. అవకపోతే మళ్ళీ వద్దాం."

"వద్దాం" అన్నాను.

బూట్లావిడ అట్టముక్క మీద ఖాళీలో కొత్త కొలత రాసింది, ఇవాళ్టి తేదీ వేసింది. నేల మీంచి నా కాగితం తీసి నా చేతికి ఇవ్వబోతే మా అమ్మాయి అందుకుని, మడిచి, కొత్త బూట్ల పెట్టెలో పెట్టుకుంది. పాతవి అక్కడే వదిలేశాం. మేం గుమ్మం దాటి వీధి దీపం కిందికి వచ్చాక వెనక్కి చూశాను. ఆవిడ ఒక చెయ్యి పైకెత్తి ఇత్తడి గంటని గుప్పిట్లో పట్టుకుని, పైన నిద్రపోతున్న మనిషికి వినపడకుండా, రెండో చేత్తో తలుపు మూసింది.